మిద్దె మీది టెలిస్కోపుకు వంగే అద్దం

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. నా దగ్గర 8 అంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు ఉంది. ఈ జనవరిలో గురుగ్రహం దాదాపు నడినెత్తిన ఉన్నప్పుడు కూడా మా మిద్దె మీద నుంచి చూస్తే బింబం మరుగుతున్న పాల మీది మీగడలా కదులుతూనే ఉంది. పెద్ద వేధశాలల్లో 'అడాప్టివ్ ఆప్టిక్స్' అనే ఏర్పాటు గాలి కదలికను రద్దు చేస్తుందని చదివాను. చిన్న టెలిస్కోపులకు కూడా అదే పేరుతో పెట్టెలు ఉన్నాయి. వాడిన పెట్టె ఒకటి లక్షా పదివేలకు ఇస్తామంటున్నారు. కొనమంటారా?
— తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనకండి. జవాబు ఇంతే. అయితే పదకొండేళ్ల క్రితం ఇలాంటి పెట్టెను నేనూ కొన్నాను కాబట్టి, ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పుకోవాలి.

నక్షత్రం నుంచి బయలుదేరిన కాంతి మన వాతావరణం పైఅంచు దాకా ఇస్త్రీ చేసిన పంచెలా చదునుగా వస్తుంది. చివరి పది పదిహేను కిలోమీటర్లలో, వేడి గాలీ చల్లగాలీ కలిసిన చోటల్లా దానికి ముడతలు పడతాయి. ఆ ముడతలను కొలిచి, వాటికి సరిగ్గా విరుగుడుగా ఒక పలచని అద్దాన్ని వంచి, ఆ వంపును సెకనుకు వందల సార్లు మారుస్తూ పోతే కాంతి మళ్లీ చదునవుతుంది. అడాప్టివ్ ఆప్టిక్స్ అంటే ఇదే. 1953లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. అద్దం మీద పలచగా నూనె పొర పరిచి, ఎలక్ట్రాన్ పుంజంతో అందులో ఎత్తుపల్లాలు పుట్టించాలన్నది ఆయన ఊహ. దానికి కావలసినంత వేగంగా లెక్కలు కట్టే యంత్రం అప్పటికి లేదు. ఖగోళ పరిశీలనలో ఇది ఆచరణకు వచ్చింది 1989లో, ఫ్రాన్స్‌లోని ఓత్-ప్రొవాన్స్ వేధశాలలో, 1.52 మీటర్ల టెలిస్కోపు మీద, అదీ పరారుణ కాంతిలో. ఆ రంగం వాళ్ల లెక్కలో ఒకటిన్నర మీటర్ల అద్దం 'చిన్నది'. మన ఇళ్ల మిద్దె మెట్ల మలుపు దగ్గర అది తిరగదు.

మీకు ఇస్తామంటున్న పెట్టెలో వంగే అద్దం ఉండదు. ఉన్నదల్లా అటూ ఇటూ వాలే చిన్న అద్దం, లేదా వాలే గాజు పలక. 1990ల చివర్లో ఎస్‌బీఐజీ సంస్థ తెచ్చిన ఏఓ-7 మొదలుకొని ఔత్సాహికులకు అందిన పెట్టెలన్నీ దాదాపు ఇదే తరహావి. బొమ్మ మొత్తంగా ఎడమకు జరిగితే కుడికి లాగుతాయి, పైకి జరిగితే కిందికి. దీన్ని టిప్-టిల్ట్ అంటారు, అంటే వాలును సరిచేయడం. తరంగాగ్రం (అంటే వచ్చే కాంతి పొర) లోపల పడిన ముడతల జోలికి ఇవి పోవు.

"ముడతల్లో 87 శాతం ఒట్టి వాలే, దాన్ని మేం సరిచేస్తాం" అని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ లెక్క తప్పు కాదు. 1976లో రాబర్ట్ నోల్ కట్టిన లెక్క ప్రకారం గాలి తెచ్చే మొత్తం దోషంలో అంత భాగం వాలుదే. చెప్పనిది ఇంకొకటి ఉంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి మీ 20 సెంటీమీటర్ల అద్దాన్ని దాటడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. ఆ లోపే వాలు మారిపోతుంది. దాని వెంటపడాలంటే పెట్టె సెకనుకు వంద సార్లకు పైగా చూసి, లెక్కకట్టి, అద్దాన్ని కదపాలి. అంత కురచ వ్యవధిలో చూడాలంటే బాగా వెలుగున్న నక్షత్రం కావాలి. మామూలు నక్షత్రాలతో నా పెట్టె సెకనుకు నాలుగైదు సార్లకు మించి కదలలేదు.

నా కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా నుంచి తిరిగి వచ్చిన ఒక మిత్రుడి దగ్గర ఆ పెట్టె కొన్నాను. మొదటి రాత్రే నక్షత్రాల బొమ్మలు గుండ్రంగా, సన్నగా వచ్చాయి. గాలిని జయించానని మా ఆవిడను నిద్రలేపి మరీ చూపించాను. ఆమె చూసి, "బాగుంది, తలుపు వేసి రండి" అంది. వారం తర్వాత ఖాళీగా కూర్చుని, పెట్టె చేసిన సవరణలన్నీ గ్రాఫ్ కాగితం మీద గీశాను. ఎనిమిది నిమిషాలకు ఒక గుట్ట. మళ్లీ ఎనిమిది నిమిషాలకు అదే ఎత్తున, అదే ఆకారంలో ఇంకో గుట్ట. గంటన్నర పొడవునా అదే వరస. గాలికి గడియారం ఉండదు, గేరుకు ఉంటుంది. టెలిస్కోపును మోస్తూ తిప్పే నా మౌంటులోని వర్మ్ గేరు ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం సరిగ్గా ఎనిమిది నిమిషాలు. అంటే ఆ పెట్టె నా మౌంటు కుంటితనానికి చేతికర్ర అయింది తప్ప గాలిని తాకనేలేదు. తర్వాత గేరు విప్పి, శుభ్రం చేసి, గ్రీజు మార్చి, పళ్ల మధ్య సందు బిగించాను. పెట్టె లేకుండానే బొమ్మలు దాదాపు అంతే సన్నగా వచ్చాయి. ఖర్చు గ్రీజు డబ్బా ఖరీదు.

ఇక గురుగ్రహం. వంగే అద్దమే ఎవరైనా ఊరికే ఇచ్చారనుకుందాం. అప్పుడూ రెండు చిక్కులుంటాయి. పై పొరల గాలి విషయంలో, ఒక దిక్కుకు చేసిన సవరణ దాని చుట్టూ కొద్ది ఆర్క్‌సెకన్ల మేరకే చెల్లుతుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). జనవరిలో మీరు చూసిన గురు బింబం దాదాపు 46 ఆర్క్‌సెకన్ల వెడల్పు. గురుడి మీది ఎర్రమచ్చ దగ్గర చదునైన కాంతి అవతలి అంచుకు చేరేసరికి మళ్లీ ముడతే. రెండోది, ముడతలు కొలవడానికి చుక్కలా కనిపించే నక్షత్రం కావాలి, మామూలు నక్షత్రపు వెలుగు చాలదు. కంటికి కనీకనిపించని 6వ ప్రమాణపు నక్షత్రాన్ని తీసుకోండి. మీ అద్దాన్ని 5 సెంటీమీటర్ల గళ్లుగా విడగొడితే, సెకనులో వెయ్యో వంతులో ఒక్కో గడిలో పడే కాంతి కణాలు నూరుకు అటూ ఇటూ. అందులో కెమెరా పట్టుకునేది కొంతే. ఆ పిడికెడు గింజలతో తరంగాగ్రం ఆకారం తేల్చాలి.

ఇన్ని చెప్పి మిమ్మల్ని నిరాశపరచడం నా ఉద్దేశం కాదు. చిన్న టెలిస్కోపుకు పెద్ద వేధశాలలకు లేని వరం ఒకటి ఉంది. గాలి ఎంత కలత చెందినా, ఒక కొలత మేరకు కాంతి దాదాపు చదునుగానే ఉంటుంది. దాన్ని ఆర్-నాట్ అంటారు. మంచి రాత్రి అది 10 సెంటీమీటర్లు, మన ఊళ్ల మామూలు రాత్రి 5 అనుకోండి. మీ 20 సెంటీమీటర్ల అద్దం వెడల్పులో అలాంటి చదును ముక్కలు నాలుగే పడతాయి. నాలుగూ అనుకోకుండా ఒకే వరసలోకి వచ్చే క్షణాలు ఎన్ని ఉంటాయో డేవిడ్ ఫ్రీడ్ 1978లో లెక్క కట్టాడు. అద్దం వెడల్పు ఆర్-నాట్‌కు నాలుగు రెట్లైతే సుమారు మూడు క్షణాల్లో ఒకటి మంచిది. ఆరు రెట్లైతే యాభైలో ఒకటి. ఏడు రెట్లైతే మూడున్నర వందల్లో ఒకటి. పది రెట్లైతే పది లక్షల్లో ఒకటి!

ఈ నాలుగు అంకెల్లోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. మీటరు అద్దం ఉన్నవాడు పది లక్షల్లో ఒక క్షణం కోసం కాచుకోలేడు, అందుకే వంగే అద్దానికి డబ్బు పెడతాడు. మీకు కాచుకోవడమే చవక. గాలి బాగా చెడిన రాత్రి, ఆరు రెట్ల లెక్కే వేసుకుందాం. సెకనుకు వంద ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలు వీడియో తీస్తే 12,000 ఫ్రేములు. యాభైలో ఒకటి అంటే 240 మంచి ఫ్రేములు. ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇస్తుంది. బింబాన్ని చిన్న చిన్న గళ్లుగా చేసి ఏ గడికి ఆ గడిని విడిగా సర్దుతుంది కాబట్టి, వంగే అద్దానికి సాధ్యం కాని 46 ఆర్క్‌సెకన్ల వెడల్పూ దీనికి అడ్డు కాదు. రెండు నిమిషాలనే ఎందుకన్నానంటే, గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు. రెండు నిమిషాల్లో బింబం మధ్యలోని మచ్చ దాదాపు అర ఆర్క్‌సెకను జరుగుతుంది. మీ టెలిస్కోపు విడదీయగలిగేది కూడా ఇంచుమించు అంతే.

ఇంకో మాట, దీని మీదే నాకు పట్టింపు ఎక్కువ. మీ ఉత్తరంలో 'మా మిద్దె' అని రెండుసార్లు రాసి ఒకసారి కొట్టేశారు. ఆ మిద్దే ముద్దాయి. పగలంతా ఎండకు కాలిన శ్లాబు అర్ధరాత్రి దాటేదాకా దించిన దోసె పెనంలా సెగ కక్కుతూనే ఉంటుంది. మా గుంటూరు ఇంట్లో రాత్రి పదకొండింటికి కూడా చెప్పులు లేకుండా నిలబడితే అరికాలికి తెలుస్తుంది. కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిని తిట్టుకుంటూ, కాళ్ల కింది గాలిని మనం పట్టించుకోం.

ఇవాళ రాత్రే ఒక పరీక్ష చేయండి. బాగా వెలిగే నక్షత్రం ఒకటి పెట్టి, ఫోకస్ బాగా తప్పించండి. మధ్యలో నల్లని చుక్కతో, పళ్లెమంత వెలుగు వృత్తం కనిపిస్తుంది. మీ అరచేతిని గొట్టం మూతి దగ్గర, ఒక అంచున పెట్టండి. చేతి నీడ వేళ్లతో సహా వృత్తంలో పడుతుంది. ఇప్పుడు వేళ్ల పైన చూడండి. అగరువత్తి పొగలాగా మెలికలు తిరుగుతూ పైకి లేచేది మీ చేతి వెచ్చదనం! మొదటిసారి చూసినప్పుడు నేను చేయి తీసి, గుడ్డతో తుడుచుకుని, మళ్లీ పెట్టాను. పొగ అలాగే లేచింది. చేయి తీసేశాక కూడా వృత్తంలో బద్ధకంగా దొర్లే మెలికలుంటే ఆ వేడి మీ గొట్టం లోపలిది, అద్దం ఇంకా చల్లారలేదు. అడుగు నుంచి సెగలా పైకి పాకుతుంటే మిద్దెది. ఏటి నీళ్లలా ఒకే దిక్కుకు చరచరా పారుతుంటే అది పై గాలి, దానికి మనం చేయగలిగింది లేదు. నా అనుభవంలో పది రాత్రుల్లో ఏడు రాత్రులు దోషం మొదటి రెండిటిదే.

లక్షా పదివేలు దాచుకోండి. టెలిస్కోపును ఒక్క రాత్రి ఊరి బయట గడ్డి నేల మీదికో, చెరువు గట్టు మీదికో తీసుకెళ్లి చూడండి. కుదరకపోతే మిద్దె మీదే రాత్రి రెండు దాటాక ప్రయత్నించండి. అభిజిత్తు నక్షత్రం పక్కన ఎప్సిలాన్ లైరా అనే జంట ఉంది. బైనాక్యులర్‌లో రెండుగా కనిపించే ఆ చుక్కల్లో ఒక్కొక్కటీ మళ్లీ జంటే. జంటలో ఎడం రెండు ఆర్క్‌సెకన్ల పైచిలుకు. ఆ నాలుగూ విడివిడిగా, మధ్యలో నల్లని సందుతో కనిపించిన రాత్రి కెమెరా బిగించండి.

ప్రశ్న: గ్రహాలకు సరే. నేను గెలాక్సీల ఫొటోలు తీస్తాను. ఒక్కో ఫ్రేము ఐదు నిమిషాలు. అక్కడ మంచి క్షణాలు ఏరుకోవడం కుదరదు కదా?
— నల్గొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కుదరదు. మసక వెలుగును సెకనులో వందో వంతు ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కలోనూ కెమెరా రొదే మిగులుతుంది. టిప్-టిల్ట్ పెట్టెకు కాస్తో కూస్తో న్యాయం జరిగేది మీ విషయంలోనే. పొడవైన గొట్టం, గాలికి ఊగే మౌంటు, అరిగిన గేరు ఉన్నవారికి అది మేలు చేస్తుంది. చేసే మేలు మాత్రం మౌంటుకే. అదే డబ్బుతో మెరుగైన మౌంటు వస్తుందా అని ముందు చూసుకోండి. గాలికి అడ్డుగా మూడు వైపులా నిలువెత్తు టార్పాలిన్ కట్టి చూడండి.

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్న టెలిస్కోపుకు అడాప్టివ్ ఆప్టిక్స్ కట్టడాన్ని ప్రాజెక్టుగా తీసుకుందామంటే, మా గైడు "అది పెద్ద సంస్థల పని" అన్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థిని

జవాబు: పై పాఠకుడికి వద్దన్న నోటితోనే మీకు తప్పకుండా చేయమంటున్నానమ్మా. ఆయనకు కావలసింది గురుగ్రహం, మీకు కావలసింది ఆ పని నేర్చుకోవడం.

చిన్న టెలిస్కోపుల మీద ఇది సాధ్యమని చూపించినవారున్నారు. కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాల, టేబుల్ మౌంటెన్ మీద తనకున్న ఒక మీటరు టెలిస్కోపుకు కపావో అనే వ్యవస్థ కట్టింది. ఆ పనిలో డిగ్రీ విద్యార్థుల చేయి చాలా ఉంది. అదే కాలిఫోర్నియాలోని పాలోమార్ వేధశాలలో 1.5 మీటర్ల టెలిస్కోపు మీద 2011లో ఆకాశం చూడడం మొదలుపెట్టిన రోబో-ఏఓ మరీ ముచ్చటైనది. మనిషి పక్కన లేకుండా తనే ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి మారుతూ, కెప్లర్ దూరదర్శిని గ్రహాలున్నాయని అనుమానించిన వేల నక్షత్రాల పక్కన దాగిన తోడు చుక్కలేమైనా ఉన్నాయేమో వెతికింది. ఆ ప్రాజెక్టులో మన పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా భాగస్వామి. అందులోని వంగే అద్దం చిప్పులు చేసే పద్ధతిలో తయారైనది, 12 వరసల్లో 12 చొప్పున సూక్ష్మమైన మీటలు దాని వీపును తోస్తుంటాయి.

దగ్గర్లో చూడాలంటే తమిళనాడులోని కావలూరు ఉంది. అక్కడి 1.3 మీటర్ల టెలిస్కోపుకు భారత ఖగోళ భౌతిక సంస్థ వారు టిప్-టిల్ట్ పరికరం కట్టి నడిపారు. ఆ కొండల్లో 1960ల్లో వేధశాలకు చోటు చూసింది ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. కొడుకు ఆకాశం చూడడం నేర్చింది అక్కడే. ముందు మంచి గాలి ఉన్న చోటు, తర్వాత టెలిస్కోపు అన్నది ఆయన పాటించిన వరస. పై ఉత్తరం రాసిన తెనాలి ఆయన ఇది చదవాలని మళ్లీ చెబుతున్నాను.

మీ ప్రాజెక్టు సంగతి. వంగే అద్దం ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి దాన్ని మొదట పక్కన పెట్టండి. కొలవడంతో మొదలుపెట్టండి. చిన్న కటకాల పలక ఒకటి, వేగంగా ఫ్రేములు తీసే గ్రహాల కెమెరా ఒకటి ఉంటే తరంగాగ్రాన్ని కొలవచ్చు. ఒక్కో కటకం ఒక్కో చుక్క వేస్తుంది, చుక్క తన చోటు నుంచి ఎంత జరిగిందో అదే అక్కడి వాలు. దీన్ని షాక్-హార్ట్‌మన్ పద్ధతి అంటారు. బల్ల మీద లేజరు పెట్టి, దారిలో వెలిగించిన కొవ్వొత్తి ఉంచితే మీకు కావలసినంత అల్లకల్లోలం. రెండో మెట్టుగా ఒక చిన్న అద్దాన్ని వాల్చే ఏర్పాటు చేయండి. పాత స్పీకరు కాయిళ్లు చాలు. నక్షత్రం అంటే సిరియస్‌తో మొదలుపెట్టండి, దానికి మించి వెలిగేది రాత్రి ఆకాశంలో ఇంకో నక్షత్రం లేదు. సెకనుకు వంద సార్లు సవరణ నిలబెట్టగలిగితే ఆ గ్రాఫులు మీ గైడుకు చూపించండి. అందులో ఎనిమిది నిమిషాల గుట్ట లేకుండా చూసుకోండి.

ప్రశ్న: దగ్గర్లో వెలిగే నక్షత్రం లేకపోతే లేజరుతో కృత్రిమ నక్షత్రం సృష్టిస్తారట. ఆకుపచ్చ లేజరు పెన్నుతో ఇంటి దగ్గర చేయవచ్చా?
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: దయచేసి వద్దు. పెద్ద వేధశాలల్లో సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే సోడియం పొరను లేజరుతో వెలిగిస్తారు. రోబో-ఏఓ కంటికి కనిపించని అతినీలలోహిత లేజరును పంపి, 10 కిలోమీటర్ల ఎత్తున గాలి నుంచి చెదిరి తిరిగొచ్చే కాంతిని వాడుతుంది. పెన్ను లేజరుకు ఆ స్తోమతు లేదు, విమానం నడిపేవాళ్ల కళ్లకు చేటు చేసే స్తోమతు మాత్రం ఉంది. మీ ఊళ్లో విమానాశ్రయం ఉందని గుర్తు చేయనక్కరలేదనుకుంటాను.

ఇంకో సంగతి. లేజరు నక్షత్రంతో వాలు తెలియదు. పైకి వెళ్లేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ కాంతి అదే గాలిలోంచి పోవడంతో వాలు చాలావరకు రద్దయిపోతుంది. అందుకని అన్ని కోట్లు పెట్టాక కూడా వాలు కోసం వాళ్లు ఒక మామూలు నక్షత్రాన్ని వెతుక్కుంటారు.

ప్రశ్న: అద్దం చల్లార్చడానికి ఫ్యాను పెట్టమని గత సంచికలో రాశారు. ఎలాంటిది? టెలిస్కోపును ఏసీ గదిలో ఉంచితే ముందే చల్లగా ఉంటుంది కదా?
— మచిలీపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏసీ గది మీ ఊరికి పనికిరాదు. బయటికి తెచ్చిన నిమిషంలో సముద్రపు తేమంతా అద్దం మీద చేరుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాలాగా. కిటికీ తెరిచి ఉంచే మామూలు గదిలో పెట్టి, చూడబోయే ముందు గంటన్నర బయట ఉంచండి. నేను అరగదీసుకున్న 8 అంగుళాల అద్దం మందం 34 మిల్లీమీటర్లు. ఫ్యాను లేకపోతే దానికి ఆ సమయమూ చాలదు.

ఫ్యాను అంటే పాత కంప్యూటర్ డబ్బాలోని 12 వోల్టుల ఫ్యానే, 80 మిల్లీమీటర్లది. అద్దం వెనుక, గాలి అద్దం వీపుకు తగిలేలా పెట్టండి. స్క్రూలతో బిగించారో దాని వణుకంతా బొమ్మలోకి వస్తుంది. నాలుగు మూలలా నాలుగు రబ్బరు బ్యాండ్లు కట్టి వేలాడదీయండి. రబ్బరు మన ఎండలకు ఆరు నెలల్లో చిట్లుతుంది. ఐపీసుల డబ్బాలో ఇంకో నాలుగు పడేసి ఉంచుకోండి.